హుకుం అన్న మాట తెలిసిన అమ్మాయికి సిక్కు చరిత్ర దూరం కాదు

ప్రశ్న: మాది ఆర్మూరు దగ్గర పల్లె. పసుపు పండిస్తాం. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. నాందేడ్ గురుద్వారా చూసొచ్చిన దగ్గర్నుంచి సిక్కుల చరిత్ర చదువుతానంటోంది. కాలేజీలో ప్లేటో పాఠం విన్నాక, పాతకాలం గ్రీకుల మతం, రాజకీయం కూడా కలిపి పీహెచ్‌డీ చేస్తానంటోంది. మేమేమో గ్రూప్-2 కోచింగ్‌కు డబ్బు దాచిపెట్టాం. ఈ చదువు అన్నం పెడుతుందా?

జవాబు: పెడుతుంది, కానీ ఆలస్యంగా. ఎంఏ రెండేళ్లు, పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఆ తర్వాత కూడా నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు తప్పదు. మధ్యలో నిలబెట్టేది జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్. యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో అది సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఇస్తారు. అది వస్తే ఇంటి మీద భారం పడదు. రాకపోతే మీరు ఎన్నాళ్లు మోయగలరో ఇప్పుడే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేయండి. అందులో మొహమాటం వద్దు.

ఇక సిక్కులకూ గ్రీకులకూ ఏం పొత్తు అని మీకు అనిపించి ఉంటుంది. మీ అమ్మాయి ఊరికే అనడం లేదని నా నమ్మకం. ఒక్క మాట తీసుకుని చూపిస్తాను.

హుకుం. నిజాం పాలన చూసిన మన పెద్దల నోట ఈ మాట భయంతో వచ్చేది. హుకుం వచ్చిందంటే పని ఆపి పరుగెత్తాల్సిందే. గురునానక్ (1469-1539) రాసిన, సిక్కులు రోజూ పొద్దున చదివే ప్రార్థన జప్‌జీ సాహిబ్ మొదటి చరణంలోనే ఈ మాట ఉంది. అక్కడ హుకుం నవాబుది కాదు, పరమాత్మది. దాన్ని అనుసరించి నడవడమే సత్యానికి దారి. సిక్కుల మాటల్లో ఇలాంటివి ఇంకా చూడండి. అమృత్‌సర్‌లో స్వర్ణదేవాలయం పేరు దర్బార్ సాహిబ్. దానికెదురుగా ఉన్నది అకాల్ తఖ్త్. గురువును సచ్చా పాద్‌షా అని పిలుస్తారు, అంటే నిజమైన పాదుషా. దర్బారు, తఖ్తు, పాదుషా అన్నీ రాజ్యం మాటలే. బాబరు దండయాత్రలో జనం పడిన గోసను నానక్ కీర్తనల్లో పాడాడు. ఆరో గురువు హర్‌గోవింద్ మీరీ, పీరీ అని రెండు కత్తులు కట్టాడు. ఒకటి లోకపు అధికారానికి, ఒకటి ఆధ్యాత్మికానికి. రాజ్యం మాటల్ని భక్తి ఎందుకు తీసుకుంది, తీసుకుని ఏం చేసింది అన్నది పెద్ద పరిశోధన ప్రశ్న.

ఇప్పుడు గ్రీకుల వైపు. క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో సోక్రటీస్ మీద పెట్టిన అభియోగాల్లో ఒకటి, నగరం ‘నోమిజెయిన్’ చేసే దేవుళ్లను ఇతను చేయడని. ఆ క్రియకు ‘నమ్మడం’ అనీ అర్థం ఉంది, ‘ఆచారంగా పాటించడం’ అనీ ఉంది. దాని మూలంలోని ‘నోమోస్’ అంటే చట్టం కూడా, ఆచారం కూడా. మన నోముతో దానికి చుట్టరికం లేదు గానీ, అట్లతద్ది నోము నోచే ఇల్లాలిని ‘నీది నమ్మకమా, ఆచారమా’ అని అడిగి చూడండి, చిక్కు అర్థమవుతుంది. సోక్రటీస్ చేసిన నేరం మనసులోనా, వీధిలోనా? ఆ ఒక్క క్రియను ఎలా చదివామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. అనువాదకుడు ఏదో ఒక అర్థం ఎంచుకున్నాడంటే, మన బదులు తీర్పు అతనే చెప్పేసినట్టు.

అందుకే మీ అమ్మాయికి నేను చెప్పేది ఇదే. ఈ రంగంలో అంశం కంటే ముందు భాష ఎంచుకోవాలి. ఇంగ్లిష్ అనువాదాలు చదివి ఎంఏ గట్టెక్కవచ్చు, పరిశోధన చేయలేం.

మరి పంజాబీ, గ్రీకు రెండు భాషలూ ఒకేసారా? వద్దు. పసుపులో మొక్కజొన్న వేసే మీకు నేను చెప్పాలా? ప్రధాన పంట సిక్కు చరిత్ర కావాలి, గ్రీకు అంతర పంట. పంజాబీ రాసే లిపి గురుముఖి; దాని అక్షరాలు ముప్పై అయిదు, వాటిని పైంతీ అంటారు. హిందీ చదవగల పిల్లకు కొన్ని వారాల పని. పంజాబీ తర్వాత పార్శీ (పర్షియన్) పట్టాలి; పంజాబ్ మహారాజు రంజీత్ సింగ్ దర్బారు వ్యవహారం, చరిత్ర రచన ఆ భాషలోనే సాగాయి. పార్శీకి హైదరాబాద్‌లోనే ఉస్మానియా, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉన్నాయి. గ్రీకుకు మన దగ్గర అలాంటి దారి లేదు. అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ల పెర్సియస్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో మూల గ్రంథాలు, నిఘంటువు ఉచితంగా దొరుకుతాయి. రోజుకో గంట, నాలుగైదేళ్లు పట్టుదలగా చేస్తే పట్టు దొరుకుతుంది. గ్రీకు కోసం అప్పు చేసి విదేశాల్లో ఎంఏకు మాత్రం పంపకండి.

అన్నిటికంటే నాకు ఉత్సాహం కలిగించింది మీ ఊరే. పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది నాందేడ్‌లో. 1699లో ఆయన దీక్ష ఇచ్చిన సిక్కుల సంఘం ఖాల్సా ఏర్పడిన రోజు ముందుకొచ్చిన అయిదుగురిలో భాయీ సాహిబ్ సింగ్‌ది బీదర్. మీ అమ్మాయి చూసొచ్చిన నాందేడ్ గురుద్వారా, హజూర్ సాహిబ్, ఇవాళ్టి కట్టడం 1830లలో రంజీత్ సింగ్ కట్టించింది. ఆ కాలంలోనే పంజాబ్ నుంచి నిజాం రాజ్యానికి వచ్చిన సిక్కు సిపాయిల వారసులు హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉన్నారు, దక్కనీ, తెలుగు మాట్లాడతారు. నిజాం కాలపు పార్శీ, ఉర్దూ కాగితాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పంజాబ్ నుంచి వచ్చే పరిశోధకుడికి తెలుగు రాదు. మీ బిడ్డకు తెలుగు వచ్చు, ఉర్దూ చెవిన పడుతూనే ఉంటుంది. దక్కన్ సిక్కుల మీద పనిచేయడానికి ఇంతకంటే అనువైన చోట పుట్టడం కుదరదు.

ఒక జాగ్రత్త. సోక్రటీస్ కాలపు దేవుళ్ల గురించి ఏం రాసినా నొచ్చుకునేవాళ్లు నేడు లేనట్టే. సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ్ సాహిబ్ అలా కాదు, అది కోట్లమందికి సజీవ గురువు. నానక్ జీవితం చెప్పే జనమ్‌సాఖీ కథల్లో చరిత్ర ఎంత అని న్యూజిలాండ్ పండితుడు మెక్‌లియోడ్ 1968లో రాసిన పుస్తకం మీద వాదం ఏళ్ల తరబడి సాగింది. ప్రశ్నలు వేయాలి, కానీ ముందు గురుద్వారాలో కూర్చుని కీర్తన వినడం తెలియాలి.

డిగ్రీ సంగతి: ఎంఏ చరిత్రలోనే చేయించండి. రాష్ట్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీపీగెట్, కేంద్రీయ యూనివర్సిటీల పరీక్ష సీయూఈటీ పీజీ రెండూ రాయించండి. చరిత్ర ఎంఏ ఉంటే లెక్చరర్ పోస్టులకు తలుపు తెరిచే ఉంటుంది, గ్రూప్-2కూ ఆ చదువు పనికొస్తుంది. పీహెచ్‌డీ దశలో పటియాలాలోని పంజాబీ యూనివర్సిటీ, అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ యూనివర్సిటీ చూడవచ్చు.

కోచింగ్ డబ్బు అలాగే ఉంచండి. మూడు నెలలు గడువివ్వండి. ఆలోగా అమ్మాయి గురుముఖి నేర్చుకుని జప్‌జీలో మొదటి అయిదు చరణాలు, పక్కన అర్థం పెట్టుకుని, మూలంలో చదవాలి. భక్తి అంటే ఏమిటని సోక్రటీస్ ప్రశ్నించే ప్లేటో సంభాషణ ‘యూథిఫ్రో’ ఇంగ్లిష్‌లో పూర్తి చేయాలి, చిన్న పుస్తకమే. తర్వాత ఈసారి తననే నాకు రాయమనండి. ఏ మాట దగ్గర ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో రాస్తే ఎంఏ ఎక్కడన్నది అప్పుడు మాట్లాడుకుందాం.