రెండు సిస్టమ్‌ల లాప్‌టాప్ లేవకపోతే: బిడ్డకు పెద్దనాయన రాసిన ఉత్తరం

నల్గొండ

చిరంజీవి బిడ్డకు మీ పెద్దనాయన ఆశీస్సులు.

మహబూబ్‌నగర్‌లో రిపేర్ దుకాణం తెరిచినప్పటి నుంచి విండోస్, ఉబుంటు లైనక్స్ రెండూ ఉన్న లాప్‌టాప్‌లే ఎక్కువ వస్తున్నయని ఫోన్‌లో చెప్పినవు. యూనివర్సిటీ పిల్లలు ప్రాజెక్టుల కోసం లైనక్స్ ఎక్కించుకుంటరు, ఒకనాడు పొద్దుగాల అది లేవదు, ఆగమాగమై నీ దగ్గరికి ఉరికొస్తరు. ఫార్మాట్ కొట్టిస్తే అరగంటలో తేలిపోతది కదా అని అడిగినవు. వద్దు బిడ్డా. అందులో మూడేండ్ల చదువు ఉంటది, ఇంటోళ్ల ఫొటోలు ఉంటయి. ఇట్లాంటి కేసుల్లో చాలామట్టుకు డేటాకు ఏమీ కాదు. నార్కట్‌పల్లి చౌరస్తాలో బోర్డు పీకేసినంత మాత్రాన నల్గొండ యాడికీ పోదు కదా, తెలియనోడు సక్కగ సూర్యాపేట దిక్కు పోతడు అంతే. ఇదీ అట్లాంటిదే.

ఆ బోర్డు, అంటే సిస్టమ్‌కు తొవ్వ చూపే గుర్తు, ఎక్కడ ఉంటదో ముందు తెలుసుకో. యూఈఎఫ్ఐ, అంటే మెషీన్‌ను లేపే కొత్త తీరు బయోస్, ఉన్న మెషీన్‌లో రెండు చోట్ల ఉంటది. ఒకటి మదర్‌బోర్డు చిప్‌లో దాచుకున్న పేర్ల జాబితా: విండోస్ బూట్ మేనేజర్, ఉబుంటు, ఏది ముందు ఏది వెనుక అన్న వరస. రెండోది డిస్క్ మీద ఈఎఫ్ఐ పార్టిషన్, ఫ్యాట్32లో ఉండే చిన్న ముక్క. విండోస్ తనంతట తాను చేసుకుంటే సాధారణంగా 100 ఎంబీయే ఉంటది. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ ఒకటి, ఉబుంటు ఫోల్డర్ ఒకటి. పాత బయోస్ మెషీన్‌లో ఇవేవీ ఉండవు, 512 బైట్ల మొదటి సెక్టార్‌లో ఉన్న చిన్న కోడ్‌తోనే పని మొదలైతది. అందుకే మెషీన్ ముందు కూర్చోగానే ఇది యూఈఎఫ్ఐనా, లెగసీ అనే ఆ పాత బయోస్ తీరా అని తేల్చుకో. విండోస్ లేస్తే ఎమ్‌ఎస్‌ఇన్‌ఫో32 కొట్టి బయోస్ మోడ్ అన్న వరస చూడు. పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లేస్తే సిస్ ఫోల్డర్ లోపల ఫర్మ్‌వేర్, దాని లోపల ఈఎఫ్ఐ అన్న ఫోల్డర్ ఉన్నదా చూడు. పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐలో లేపితేనే అది కనిపిస్తది. డిస్క్ జీపీటీ, అంటే యూఈఎఫ్ఐకి తగ్గ కొత్త పార్టిషన్ పద్ధతి, అయి ఉండి నువ్వు పెన్‌డ్రైవ్‌ను లెగసీలో లేపితే, తర్వాత చేసిన రిపేరంతా బూడిదలో పోసిన పన్నీరే.

బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు ఒక మాట అడుగు: బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళం, దాని కీ ఉన్నదా? హోమ్ ఎడిషన్‌లో కూడా డివైజ్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అది నడుస్తుంటది, పిల్లలకు తెలియను కూడా తెలియదు. నమ్మకమైన సంతకం ఉన్నదాన్నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ మార్చినా, బూట్ వరస మార్చినా విండోస్ అనుమానపడి నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతది. అది లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా ఆ డేటా తెరవలేదు. పిల్లగాని ఫోన్‌లోనే వాని మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిపించి కీ రాసిపెట్టుకోమను. కీ ఐడీ మొదటి 8 అక్షరాలు స్క్రీన్ మీదివీ అకౌంట్‌లోవీ ఒకటేనా సరిచూడు. కాలేజీ అకౌంట్‌తో లాగిన్ అయినోళ్లకు కీ కాలేజీ అడ్మిన్ దగ్గర ఉండొచ్చు. విండోస్ లేస్తూనే ఉంటే ఇంకా సులువు, అందులోకి పోయి బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి అప్పుడు పని మొదలుపెట్టు. మామూలుగా ఒక్క రీస్టార్ట్‌కే ఆ సస్పెండ్ తీరిపోతది, అది మరువకు.

ఇగ అసలు సంగతి. మెషీన్ ఎక్కడ ఆగిందో ఆ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో. ఆగిన చోటే సగం జవాబు చెప్తది.

అందరికీ వచ్చేది ఒకటే: విండోస్ అప్‌డేట్ అయింది, అప్పటి నుంచి ఉబుంటు మెనూ రాకుండా సక్కగ విండోస్‌లోకే పోతున్నది. ఉబుంటు యాడికీ పోలేదు. బూట్ మెనూ తెరువు. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ కొట్టి ఎఫ్9, అసుస్ లాప్‌టాప్‌కు ఎస్కేప్. ఏసర్‌కు కూడా ఎఫ్12యే, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో సెటప్‌లోకి పోయి ఆ మెనూను ఎనేబుల్ చెయ్యాలి. జాబితాలో ఉబుంటు పేరు ఉంటే దాన్ని ఎంచుకుని లేపు. లోపలికి పోయినంక టెర్మినల్ తెరిచి సుడో ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్ కొట్టు. బూట్‌ఆర్డర్ అన్న వరసలో నాలుగంకెల నంబర్లు కనిపిస్తయి. ఉబుంటుది 0003, విండోస్‌ది 0000 అనుకో, అదే కమాండ్‌కు హైఫన్ ఓ పెట్టి 0003, కామా, 0000 అని మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వు. అయిపాయె. పేరే లేకపోతే ఉబుంటును లేపే మెనూ ప్రోగ్రామ్ గ్రబ్‌ను మళ్లీ ఎక్కించాలె, అది కిందికి రాస్త.

దీనికి ఉల్టా ఇంకోటి: గ్రబ్ మెనూ వస్తది కానీ అందులో విండోస్ ఉండదు. గ్రబ్ 2.06 నుంచి, అంటే 2021 నుంచి, పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత కోసం మూలంలోనే ఆపేసి ఇస్తున్నరు. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ కింద గ్రబ్ ఫైల్ తెరిచి గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న వరసను ఫాల్స్ చెయ్యి. ఆ పేరంతా పెద్దక్షరాలే, మాటల నడుమ అండర్‌స్కోర్. ముందర హ్యాష్ గుర్తు ఉంటే తీసెయ్యి. తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్. ఫౌండ్ విండోస్ బూట్ మేనేజర్ అని తెర మీద కనిపించాలె. కనిపించిందాకా రీస్టార్ట్ చెయ్యకు.

నల్లతెర మీద గ్రబ్ అనో, గ్రబ్ రెస్క్యూ అనో రాసి మినుకుమనే గీత ఒకటి నిలబడితే పిల్లలకు చెమటలు పడతయి. ఈ రెండూ ఒకటి కాదు. రెస్క్యూ అని ఉంటే ఎక్కువగా పాత బయోస్ మెషీన్. గ్రబ్ తన సామాను పెట్టుకున్న పార్టిషన్ దొరకలేదని దానర్థం. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి జాగ కోసం పార్టిషన్‌ను కోసినా, కలిపినా నంబర్లు మారి ఇట్లయితది. ఎల్‌ఎస్ కొట్టు. బ్రాకెట్లలో హెచ్‌డీ0, కామా, ఎమ్‌ఎస్‌డాస్1, ఎమ్‌ఎస్‌డాస్5 అట్ల పార్టిషన్ల పేర్లు వరసగా వస్తయి. ఒక్కొక్కదాన్ని అడుగు: ఎల్‌ఎస్, ఖాళీ, ఆ బ్రాకెట్ మొత్తం, చివర స్లాష్. స్లాష్ మరిస్తే ఫోల్డర్లు చూపించదు. అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ అని వస్తే కంగారు పడకు, రెస్క్యూకు ఎన్‌టీఎఫ్ఎస్ చదవరాదు కాబట్టి విండోస్ పార్టిషన్లకు అట్లనే అంటది. హోమ్, ఈటీసీ, బూట్ అని ఫోల్డర్లు చూపించినదే మనది. అది ఎమ్‌ఎస్‌డాస్5 అనుకో, సెట్ ప్రిఫిక్స్ ఈక్వల్స్ ఆ బ్రాకెట్, వెంటనే స్లాష్ బూట్ స్లాష్ గ్రబ్ కొట్టు. ఈక్వల్స్‌కు అటూ ఇటూ ఖాళీ వదలొద్దు. తర్వాత సెట్ రూట్ ఈక్వల్స్ అదే బ్రాకెట్, ఇన్స్‌మాడ్ నార్మల్, ఆఖరికి నార్మల్. మెనూ వస్తది. కానీ ఇది ఈ ఒక్కసారికే. లోపలికి పోగానే సుడో అప్‌డేట్-గ్రబ్, ఆ తర్వాత సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ. ఎస్‌డీఏ1 కాదు, ఎస్‌డీఏ5 కాదు, అంకె లేని ఎస్‌డీఏ. డిస్క్ మొదటి సెక్టార్‌లో రాయాలె కాబట్టి అట్ల.

రెస్క్యూ లేకుండా ఒట్టి గ్రబ్ అని ఉంటే ఎక్కువగా యూఈఎఫ్ఐ ఉబుంటు. గ్రబ్ లేచింది, దాని మెనూ ఫైల్ దొరకలేదు. ఇక్కడ పేర్లలో ఎమ్‌ఎస్‌డాస్ బదులు జీపీటీ ఉంటది. అట్లనే ఎల్‌ఎస్‌తో వెతికి, కాన్ఫిగ్‌ఫైల్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, ఆ బ్రాకెట్ వెంట స్లాష్ బూట్ స్లాష్ గ్రబ్ స్లాష్ గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ ఇవ్వు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇన్స్‌మాడ్ ఒప్పుకోదు, కాన్ఫిగ్‌ఫైల్ మాత్రం పని చేస్తది. ఎంత వెతికినా లైనక్స్ ఫోల్డర్లు కనిపించలేదంటే ఎవరో ఆ పార్టిషన్‌ను డిలీట్ చేసి ఉండొచ్చు. బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే విండోస్ మామూలుగానే లేస్తది. పోయిన లైనక్స్ డేటా కావాలంటే ఆ ఖాళీ జాగలో ఏదీ రాయనియ్యకు, పోయిన పార్టిషన్‌ను వెతికే టెస్ట్‌డిస్క్ నడిపి చూడు.

లోపలికి పోయే తొవ్వే లేనప్పుడు 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లేపి బయటి నుంచి రిపేర్ చెయ్యాలె. ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ కొట్టి ఏ పార్టిషన్ ఏదో కాగితం మీద రాసుకో. ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ అయితే పేరు ఎన్‌వీఎమ్‌ఈ0ఎన్1పీ5 లెక్క ఉంటది. ఈఎక్స్‌టీ4 ఉన్న లైనక్స్ పార్టిషన్‌ను ఎమ్‌ఎన్‌టీ ఫోల్డర్ మీద మౌంట్ చెయ్యి, వీఫ్యాట్ ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ను దాని లోపల బూట్ కింది ఈఎఫ్ఐ మీద మౌంట్ చెయ్యి. డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ మౌంట్ హైఫన్ హైఫన్ ఆర్‌బైండ్‌తో లోపలికి కలుపు. ఒట్టి బైండ్ పెడితే మదర్‌బోర్డులోని పేర్ల జాబితాను చూపే, సిస్ లోపలి ఈఎఫ్ఐవార్స్ రాదు. అప్పుడు గ్రబ్-ఇన్‌స్టాల్ ఈఎఫ్ఐ వేరియబుల్స్ మీద ఎర్రర్ ఇస్తది, లేదా పేరు జాబితాలో ఎక్కదు. తర్వాత సుడో సీహెచ్‌రూట్ స్లాష్ ఎమ్‌ఎన్‌టీ. ఇప్పుడు నువ్వు పిల్లగాని ఉబుంటు లోపల ఉన్నట్టే. గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ కొట్టి, ఎగ్జిట్ చేసి రీస్టార్ట్ చెయ్యి.

వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బాట్ డేటా ఫెయిల్డ్, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని చూపించి మెషీన్ ఆరిపోతే దాని కథ వేరు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లను, అంటే గ్రబ్ కన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రామ్‌లను, సెక్యూర్ బూట్‌లో తిరస్కరించేటట్టు చేసింది, రెండు సిస్టమ్‌లు ఉన్న మెషీన్లు చాలా ఆగిపోయినయి. చాన్నాళ్లు మూలకు పెట్టి ఇప్పుడు తీసిన లాప్‌టాప్‌లో ఇది ఇప్పటికీ రావొచ్చు. బిట్‌లాకర్ కీ చేతిలో పెట్టుకుని సెక్యూర్ బూట్ ఆపు, ఉబుంటు లేపు, సుడో మోక్‌యుటిల్ హైఫన్ హైఫన్ సెట్-ఎస్‌బాట్-పాలసీ డిలీట్ కొట్టు, ఒకసారి మళ్లీ ఉబుంటులోకే రీస్టార్ట్ చేసి ఉబుంటును పూర్తిగా అప్‌డేట్ చెయ్యి, అప్పుడు సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యి. ఆపి అట్లనే వదిలెయ్యకు.

మన దిక్కు ఎండాకాలం ఈదురుగాలికి కరెంటు పోవుడు కొత్త కాదు. దెబ్బంతా డెస్క్‌టాప్‌ల మీద పడుతది. లేవంగనే బ్రాకెట్లో ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అని ఆగితే ఫైల్‌సిస్టమ్ సగంలో తెగింది. ఏ పార్టిషనో పైనే రాసి ఉంటది. ఎఫ్ఎస్‌సీకే హైఫన్ వై, దాని పేరు, ఆ తర్వాత ఎగ్జిట్. కానీ డిస్క్ టకటకమంటే, ఐఓ ఎర్రర్లు వరసగా పడుతుంటే ఎఫ్ఎస్‌సీకే ముట్టకు. పెన్‌డ్రైవ్ మీద లేపి డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ ఏ చూడు. రీఅలొకేటెడ్, కరెంట్ పెండింగ్ సెక్టార్లు సున్నా దాటి పెరుగుతున్నయంటే డిస్క్ చావుకు దగ్గరైంది, ముందు డేటా దించు, రిపేర్ తర్వాత.

స్టార్ట్ జాబ్ అని 90 సెకండ్లు లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లో పడితే, లేవంగనే కలపాల్సిన డ్రైవ్‌ల జాబితా ఫైల్ ఎఫ్ఎస్‌టాబ్‌లో రాసిన డ్రైవ్ ఇప్పుడు లేదన్నట్టు. విండోస్‌లో డీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే దాని గుర్తింపు నంబర్ యూయూఐడీ మారిపోతది. బీఎల్‌కేఐడీతో కొత్త నంబర్ చూసి రాయి, ఆ వరస ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చు. అదే డీ డ్రైవ్ లైనక్స్‌లో తెరుచుకుంటది కానీ ఫైల్ రాయనియ్యకపోతే విండోస్ ఫాస్ట్ స్టార్టప్ పని. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పండుకోదు, కర్నెల్‌ను డిస్క్‌లో దాచి పోతది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ కొట్టు.

టైమ్ తప్పు చూపిస్తే ఎంత తప్పో లెక్క పెట్టు. ఉబుంటు వాడినంక విండోస్ గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనుక ఉంటే అది రోగం కాదు: ఉబుంటు మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ, అంటే ప్రపంచ టైమ్, రాస్తది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 కొడితే ఇద్దరికీ రాజీ కుదురుతది. గడియారం ఏండ్ల వెనక్కి పోయిందంటే మాత్రం బోర్డు మీది సీఆర్2032 సెల్ చూడు. కొత్తది 3 వోల్టులు చూపిస్తది, మీటర్ మీద 2.7 కిందికి దిగితే మార్చెయ్యి. కొత్తది వేస్తే సరిపోదు బిడ్డా. సెల్ చచ్చినప్పుడు బయోస్ సెట్టింగ్‌లన్నీ కంపెనీ ఇచ్చినట్టు మారిపోయి ఉంటయి. యూఈఎఫ్ఐ లెగసీ అయి ఉండొచ్చు, డిస్క్‌తో మాట్లాడే పద్ధతి అయిన సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు పోయి ఉండొచ్చు. విండోస్ ఇనాక్సెసిబుల్ బూట్ డివైజ్ అని పడిందంటే ముందు అనుమానం ఆ సాటా మోడ్ మీదనే పెట్టుకో.

విండోసే లేవకపోతే వీడియోల్లో చెప్పే బూట్‌రెక్ ఫిక్స్‌ఎమ్‌బీఆర్ యూఈఎఫ్ఐ మెషీన్‌కు పనికిరాదు. ఫిక్స్‌బూట్ ఎక్కువసార్లు యాక్సెస్ డినైడ్ అంటది. విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి, డిస్క్‌పార్ట్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ఎస్ అన్న అక్షరం ఇవ్వు. అక్కడ విండోస్ సీ మీదనే ఉన్నదా చూసుకో, పెన్‌డ్రైవ్‌లో అక్షరాలు మారుతయి. బీసీడీబూట్ సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్లాష్ ఎస్ ఎస్ కోలన్, స్లాష్ ఎఫ్ యూఈఎఫ్ఐ. ఒక్క వరసతో విండోస్ బోర్డు మళ్లీ నిలబడతది. కానీ అది తన పేరును ముందుకు తెచ్చుకోవచ్చు, అట్లయితే ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్‌తో వరస మళ్లీ సరిచెయ్యి.

దుకాణంలో రెండు పెన్‌డ్రైవ్‌లు, ఉబుంటుది ఒకటి, విండోస్‌ది ఒకటి, సిద్ధంగ పెట్టుకో. ఇంకో 1 టీబీ డిస్క్ కొను, ఏ రిపేర్‌కైనా ముందు డేటా దానిలోకి దించు, మెషీన్ ఇచ్చిన వారానికి తుడిచెయ్యి. ఎక్కడైనా తట్టుకుంటే ఆ స్క్రీన్ ఫొటో, ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఫొటో రెండూ పంపి అప్పుడు ఫోన్ చెయ్యి, రాత్రి పది దాకా మెలకువగనే ఉంట.

మీ పెద్దనాయన