పుస్తకం తెరిస్తే నిద్ర.. మూస్తే టెన్షన్! ఏకాగ్రతకు టాబ్లెట్లు వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు పదిహేడేళ్లు. పన్నెండో తరగతి చదువుతున్నాను. పదో తరగతి దాకా క్లాసులో ముందుండేదాన్ని. ఈ ఏడాది మామూలు సబ్జెక్టులతో పాటు రెండు అడ్వాన్స్‌డ్ కోర్సులు తీసుకున్నాను, సాయంత్రం ట్యూషన్ కూడా ఉంది. రెండు నెలలుగా రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా బుర్రకెక్కట్లేదు, పొద్దున ఆరింటికి లేవాలి. ఇంట్లో బద్ధకం అంటున్నారు. ఏకాగ్రత పెరగడానికి టాబ్లెట్లు ఏమైనా ఉన్నాయా?

జవాబు: టాబ్లెట్ల సంగతి ముందే తేల్చేద్దాం. జ్ఞాపకశక్తి పెంచుతాయని అమ్మే టానిక్కులు, క్యాప్సూల్స్‌తో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారాల్లేవు. ఏడీహెచ్‌డీకి (దేనిమీదా ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్యకు) ఇచ్చే మందులు డాక్టర్ పరీక్షించి ఆ సమస్య ఉందని తేల్చినవాళ్లకే, ఫ్రెండ్ ఇచ్చిందని వేసుకునేవి కావు.

ఇక నీ లెక్క చూడమ్మా. ఒంటిగంటకు పడుకుని ఆరింటికి లేస్తే ఐదు గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వయసులో 8 నుంచి 10 గంటలు కావాలి. ఈ వయసులో నిద్ర ముంచుకొచ్చే సమయం సహజంగానే కాస్త ఆలస్యం అవుతుంది, కాబట్టి తొందరగా నిద్ర పట్టకపోవడం నీ తప్పేం కాదు, కానీ ఉన్న నిద్రను కూడా చదువు కోసం కోసేసుకుంటే పగలు చదివింది మెదడులో కుదురుకునే టైమే ఉండదు. పుస్తకం తెరవగానే కళ్లు మూతపడుతుంటే దాన్ని బద్ధకం అనను, నిద్ర బాకీ అంటాను. మధ్యాహ్నం దాటాక కాఫీ, ఎనర్జీ డ్రింకులు ఆపేయ్.

అసలు చిక్కు మాత్రం కోర్సుల దగ్గరే ఉందనిపిస్తోంది. వారానికి 168 గంటలు. నిద్రకు రోజుకు 8 చొప్పున 56 తీసేస్తే 112 మిగులుతాయి. అందులోంచి స్కూలు, రాకపోకలు, ట్యూషన్, తిండి, స్నానం, కాసేపు ఊరికే కూర్చోవడం (అవును, అదీ లెక్కలోకే వస్తుంది) తీసేసి, ఒక్కో సబ్జెక్టుకి ఇంటి దగ్గర నిజంగా ఎంతసేపు పడుతోందో ఒక వారం పాటు కాగితం మీద రాసి చూడు. ఆ గంటలన్నీ మిగిలిన టైమ్‌లో ఇమడకపోతే ఎంత పట్టుదల ఉన్నా ఇమడవు. అప్పుడు ఒక అడ్వాన్స్‌డ్ కోర్సు వదిలేయమనే నేను చెబుతాను. ఏది వదలాలి అంటావా? పైచదువుకి తప్పనిసరి అయింది ఉంచుకో, అందరూ తీసుకున్నారని తీసుకున్నది వదిలెయ్. వదలడానికి గడువు ఎప్పటిదాకా, సర్టిఫికెట్‌లో ఎలా కనబడుతుంది అన్నది ముందే స్కూల్లో కనుక్కో.

చదవాలన్న ఆసక్తి వచ్చాక కూర్చుందాం అనుకుంటే రోజులు గడిచిపోతాయి, చాలాసార్లు అది కూర్చున్న పది నిమిషాలకు వస్తుంది. ఫోన్ వేరే గదిలో పెట్టి ఇరవై నిమిషాలు ఒక్క టాపిక్ చదువు. తర్వాత పుస్తకం మూసి గుర్తున్నదంతా తెల్ల కాగితం మీద రాయి. పేజీ నిండా పసుపు హైలైటర్ పూసి, తెలిసిపోయిందనుకుని, పరీక్షలో బిక్కమొహం వేసే పిల్లల్ని చాలామందిని చూశాను. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు విద్యార్థులపై చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు వాళ్లను దాటేశారు. తక్కువ టైమ్ ఉన్న నీలాంటివాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

అమ్మానాన్నలకు ఒక మాట. రెండు నెలల్లో ఇంత మార్పు వచ్చిన పిల్లను బద్ధకం అని తిట్టేముందు ఒకసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే ఐరన్ తగ్గి ఇలాగే నీరసం, మతిమరుపు ఉంటాయి, థైరాయిడ్ తక్కువగా పనిచేసినా అంతే. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పేది) రక్తపరీక్షలతో ఇవి చాలావరకు తెలిసిపోతాయి.

ఇంకోటి నువ్వు రాయలేదు కాబట్టి నేనే అడుగుతున్నా. చదువొక్కటే విసుగ్గా ఉందా, ఇష్టమైన పాటలు, ఆటలు, స్నేహితులు కూడా వద్దనిపిస్తోందా? ఊరికే ఏడుపు, చిరాకు, ఆకలి మారిపోవడం రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, సైకియాట్రిస్ట్‌ని గానీ సైకాలజిస్ట్‌ని గానీ కలవాలి, నయమవుతుంది. చచ్చిపోవాలనో, ఒంటికి గాయం చేసుకోవాలనో ఒక్కసారి అనిపించినా ఆ రోజే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పు. అర్ధరాత్రి అయినా సరే, లేపి చెప్పు, దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.