ప్రిన్స్ ఆఫ్ పర్షియా విసిగిస్తుంది, అయినా గడియారంతోనే ఆడండి

చిన్నతనంలో ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే కంప్యూటర్ ఆటను ఇన్నేళ్ళకు మళ్ళీ తెరిస్తే మొదటి లెవెల్‌లోనే విసుగు పుట్టిందని, కీ నొక్కినా మనిషి వెంటనే కదలడం లేదని, ఇలాంటి ఆటను అంతమంది ఎందుకు మెచ్చుకుంటారని మీరు అడిగారు. నేను దీన్ని తొంభైల నడుమ కర్నూలులో నేర్చుకున్నాను, ఈ వేసవిలో మళ్ళీ చివరిదాకా ఆడాను, కనుక గట్టిగానే చెప్పగలను. మీ కీబోర్డులో లోపమేమీ లేదు. తెరమీది మనిషి ఒక రాకుమారుడు, గడియారంలో ఇచ్చిన సమయం అయిపోయేలోగా రాకుమార్తెను విడిపించాలి. అతనికి ఒంటి బరువు ఉంది. ఆ బరువుకు తగ్గట్టు ఒక అడుగు ముందుగా ఆలోచించడమే ఈ ఆట. ఆ అలవాటు పడేదాకా విసుగు తప్పదు, పడ్డాక గోడలెక్కి దూకే ఆట మరేదీ అంతగా రుచించదు.

జోర్డాన్ మెక్నర్ 1985లో తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు వేయించి, పరుగెత్తించి, దూకించి వీడియో తీసుకున్నాడు. అందులోని ఒక్కొక్క భంగిమనూ బొమ్మగా మార్చి రాకుమారుడికి నడక నేర్పాడు. 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చిన ఆట మరుసటి ఏడాది అప్పటి పీసీలను నడిపిన డాస్‌కు వచ్చింది, మన ఊళ్ళకు చేరింది ఆ డాస్ ఆటే. నిజమైన కుర్రవాడి పరుగు కాబట్టి రాకుమారుడు ఆగమనగానే ఆగడు, కాస్త ముందుకు జారి నిలదొక్కుకుంటాడు. మారియో గాలిలో ఉండగా కూడా దిక్కు మార్చుకుంటాడు. ఇతడు నేల విడిచాక మీ చేతిలో లేడు, షిఫ్ట్ కీ పట్టుకుని అవతలి అంచు చేతికి అందుతుందేమోనని చూడటమే మీకు మిగిలిన పని.

ఇంత కఠినంగా ఉన్నా ఇది ఆడేవాడిని మోసం చేయదు. షిఫ్ట్ పట్టుకుని బాణం కీ నొక్కితే రాకుమారుడు ఆచితూచి ఒక్క అడుగే వేస్తాడు, అంచుదాకా వచ్చి ఆగుతాడు. ఆ నడకతో పోతే నేలలోంచి లేచే ఇనుప ముళ్ళ మధ్య నుంచి కూడా ఒంటికి గీత పడకుండా దాటవచ్చు. ఉన్నచోటనే ఒకసారి ఎగిరితే ఊడిపోయే పలకలు వణికి, ఏవి నమ్మదగినవో ఏవి కావో తేలిపోతుంది. ఒక అంతస్తు ఎత్తు నుంచి పడితే ఏమీ కాదు, రెండయితే ఒక ప్రాణం తగ్గుతుంది, మూడయితే మనిషే పోతాడు. ఈ లెక్క ఎక్కడా మారదు. ఇప్పటి ఆటలు ప్రతి గదిలోనూ ఏం చేయాలో తెరమీద రాసి చూపిస్తాయి, అది నాకు నచ్చదు. చదివి దూకినవాడికి తాను కనిపెట్టి దూకినవాడి ఆనందం దక్కదు.

ఆ ఆనందం ఎలా ఉంటుందో నేను ఒక అద్దం ముందు తెలుసుకున్నాను. మేము డాస్, వర్డ్‌స్టార్, లోటస్ నేర్చుకోవడానికి చేరిన కంప్యూటర్ సెంటర్ రాజ్‌విహార్‌కు కొంచెం అవతల ఒక మేడమీద ఉండేది. చెప్పులు బయట విప్పి లోపలికి పోవాలి, పని అయ్యాక మానిటర్ మీద గుడ్డ కప్పి రావాలి. రంగుల మానిటర్ ఒక్కటే ఉండేది, ఆట ఉన్నదీ అందులోనే. నాలుగో లెవెల్‌లో బయటికి పోయే తలుపు తెరుచుకున్న చప్పుడు విని వెనక్కి పరుగెత్తితే, వచ్చేటప్పుడు ఖాళీగా ఉన్న దారికి అడ్డంగా ఒక నిలువుటద్దం నిలబడి ఉంది. రాకుమారుడి ప్రతిబింబం అందులో కనిపిస్తోంది. మేము అటూ ఇటూ ఉన్న గదులన్నీ వెతికాము, ప్రతి పలకనూ తొక్కాము, ఎక్కగలిగిన ప్రతి అంచునూ ఎక్కి దిగాము. అంతసేపూ గడియారం నడుస్తూనే ఉంది. కుర్చీ చుట్టూ మూగినవాళ్ళలో రోజూ డోన్ నుంచి రైల్లో వచ్చే కుర్రవాడొకడు, "పరిగెత్తి అద్దంలోకే దూకి సూడన్నా, పోతే ఒగ ప్రాణమే గదా" అన్నాడు. వెనక్కి పోయి, పరుగందుకుని దూకాను. రాకుమారుడు అద్దాన్ని దాటి ఇవతల పడ్డాడు. అదే క్షణంలో అద్దంలోంచి నల్లటి నీడమనిషి ఒకడు ఎదురు దిక్కుకు దూకి పారిపోయాడు. కింద వరుసగా ప్రాణాలను చూపే ఎర్రటి త్రికోణాలలో ఒక్కటే మిగిలింది. గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపు విని లోపలి గదిలోంచి వచ్చిన సారు ఒక్క మాటైనా అడగకుండా వెనక స్విచ్ నొక్కి మిషన్ ఆపేశారు.

ఆ రోజుల్లో ఇలాంటి చోట్ల ఆటలను ఒక నేరంలా చూసేవారు, అందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆటను మాకు కనపడకుండా డైరెక్టరీలో దాచేవారు. దాన్ని బయటికి తీయడానికే మేము దాచిన ఫైళ్ళను కనపడేలా చేసే యాట్రిబ్ కమాండ్ నేర్చుకున్నాము, ఇంటికి పట్టుకుపోవడానికే ఫ్లాపీల మీద కాపీ చేయడం నేర్చుకున్నాము. ఫీజు కట్టిన కోర్సులో రాసుకున్న నోట్సు కంటే ఈ ఆట వల్ల వచ్చిన డాస్ పరిజ్ఞానమే నాకు ఉద్యోగంలో పనికొచ్చింది.

ఆ నీడమనిషి పుట్టుక కూడా చెప్పాలి. ఆపిల్ 2లో మెమరీ నిండిపోయి, శత్రువుకంటూ కొత్త బొమ్మలు పెట్టే చోటే మిగల్లేదు. అప్పుడు మెక్నర్ రాకుమారుడి బొమ్మనే తీసుకుని, దాన్ని ఒక బిట్, అంటే ఒక చుక్కంత జరిపి, మొదటి బొమ్మతో ఎక్స్‌క్లూజివ్ ఆర్ (రెండింటిలో తేడా ఉన్న చుక్కలనే మిగిల్చే లెక్క) చేయించాడు. మిణుకుమిణుకుమనే నల్లటి ఆకారం ఒకటి వచ్చింది, దానికి వేరే మెమరీ అక్కర్లేదు. చోటు చాలక చేసిన ఆ ఉపాయమే కథకు ప్రాణమయింది: ఈ నీడ మీరు తాగవలసిన ప్రాణం పెంచే మందు తాగేస్తుంది, మీ ముఖం మీదే గేటు దించేస్తుంది, చివరికి పన్నెండో లెవెల్‌లో కత్తి దూసి ఎదురుగా నిలబడుతుంది. దాన్ని పొడిస్తే తగ్గేది మీ ప్రాణమే. కింది బాణం నొక్కి కత్తి ఒరలో పెడితే అదీ పెడుతుంది, ఎదురు నడిచి వెళ్తే ఇద్దరూ ఒక్కటవుతారు. అంతవరకు అడ్డొచ్చినవాడినల్లా నరకడమే నేర్పిన ఆట, ఒక్క అక్షరం రాయకుండా, కత్తి దించమని చెబుతుంది. ఈ వేసవిలో అక్కడికి చేరినప్పుడు, జవాబు ముందే తెలిసి కూడా నా వేలు కొట్టే కీ మీదికే పోయింది.

నిజంగా తప్పుపట్టదగినవి రెండున్నాయి. మొదటిది డాస్ ఆటలోని అక్షరాల గది. మొదటి లెవెల్ దాటగానే అక్షరాలు రాసిన మందులు వరుసగా కనిపిస్తాయి, మాన్యువల్‌లో ఫలానా పేజీ ఫలానా వరుసలోని మాటకు మొదటి అక్షరం చూసి తాగాలి. కాపీ ఫ్లాపీలను అడ్డుకోవడానికి పెట్టిన తాళం అది. కొందామన్నా ఆటలు అమ్మే అంగడి కర్నూలులో మాకు కనపడలేదు, ఇక మాన్యువల్ ఎక్కడిది? రెండోది సేవ్ చేసే పద్ధతి. రాకుమార్తెను విడిపించడానికి ఉన్నది 60 నిమిషాలు. చస్తే లెవెల్ మొదటికి వస్తుంది గాని పోయిన సమయం తిరిగి రాదు. కంట్రోల్, జీ నొక్కి సేవ్ చేస్తే మిగిలిన నిమిషాలు కూడా దానితోపాటే నిలిచిపోతాయి, కాబట్టి ఆలస్యంగా చేసిన సేవ్ ఎందుకూ కొరగాదు.

అయినా ఆ గడియారాన్ని తీసేయమని నేను అనను. ఆ నిమిషాల వల్లనే ప్రతి దూకుకూ విలువ వచ్చింది. 2003లో ఇదే వరుసలో వచ్చిన శాండ్స్ ఆఫ్ టైమ్‌లో కాలాన్ని వెనక్కి తిప్పే బాకు ఇచ్చారు. అందమైన ఆటే, కాని పడిపోతామన్న భయం దానితోనే పోయింది. టూంబ్ రైడర్‌లో లారా అంచు పట్టుకుని వేలాడిన తీరు ఈ ఆటది, అసాసిన్స్ క్రీడ్ అయితే ప్రిన్స్ ఆఫ్ పర్షియా వరుసలో ఒక ఆటగానే మొదలయింది. ఆ ఆటలు చేసినవాళ్ళు కదలికలను తీసుకుని బరువును వదిలేశారు. మా అక్క కొడుకు ఇలాంటి దూకే ఆటలను ఫోన్‌లో, గాజు మీద బొటనవేలు రాస్తూ ఆడతాడు. అంచు ఎక్కడ మొదలయిందో వేలికి తెలియని చోట ఈ ఆట ఆడటం దండగ. యూట్యూబ్‌లో ఎవరో ఆడింది చూసి ఆట తెలిసిపోయిందనుకోవడం అంతకంటే దండగ.

మీకు నా సలహా ఇది. ఎస్‌డీఎల్‌పాప్ అని డాస్ ఆటను ఇప్పటి కంప్యూటర్లకు తిరిగి కట్టిన ఉచిత ప్రోగ్రాం ఉంది, దాన్ని దించుకోండి. మామూలు కీబోర్డు మీద ఆడండి. మొదటి రెండు మూడు రోజులు లెవెల్ దాటాలన్న ఆలోచనే పెట్టుకోకుండా, మొదటి లెవెల్‌లోనే పరుగు, ఆగడం, అంచు పట్టుకోవడం చేతికి అలవాటు చేసుకోండి. అందులో ఎఫ్6 నొక్కితే ఉన్నచోటనే సేవ్ అవుతుంది, ఎఫ్9 నొక్కితే అక్కడికే తిరిగి వస్తుంది. నాలుగో లెవెల్ అద్దం దాటేవరకైనా ఆ రెండింటి జోలికి పోకండి.