అలవాట్లు మార్చుకుంటే పీసీఓఎస్ నయమవుతుందా?

తిండి, వ్యాయామం, నిద్ర సరిచేసుకుంటే మందులు లేకుండానే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం వంటివి కలిగించే అండాశయ సమస్య) పోతుందా అని మీరు అడిగారు. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. ఈ తేడా గమనించకనే చాలామంది నెలసరి క్రమపడగానే అన్నీ వదిలేసి మళ్ళీ మొదటికి వస్తారు.

నాకు డిగ్రీ రోజుల్లోనే ఈ సమస్య బయటపడింది. మెడ వెనుక నల్లదనాన్ని మురికి అనుకుని ఇంట్లో సున్నిపిండితో రుద్దమనేవారు గానీ, అది రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉందనడానికి గుర్తు కావచ్చని డాక్టరుగారు చెప్పారు. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు క్లోమం దాన్ని మరింతగా విడుదల చేస్తుంది. ఆ ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను అధికంగా తయారు చేయించడమే కాక, వాటిని రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్‌ను కూడా కాలేయంలో తగ్గిస్తుంది. మన అలవాట్లు ప్రధానంగా ఈ దారిలోనే మేలో కీడో చేస్తాయి.

అందువల్ల ఇన్సులిన్ అంతగా పెరగకుండా నేను అన్నం తగ్గించాను, పూర్తిగా మానలేదు. ఆ మేరకు పప్పు, కూర, గుడ్లు పెంచాను, టీలో చక్కెర మానేశాను. పాలు, గోధుమలు అందరూ మానేయాలని చెప్పే పట్టికలను నేను పట్టించుకోను, ఎందుకంటే ఫలానా ఆహార విధానమే మిగిలినవాటికంటే మేలని తేలలేదని పీసీఓఎస్‌పై 2023లో వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. నాకు ఎక్కువ ఉపయోగపడింది వ్యాయామం. పనిచేసే కండరాలు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి కాబట్టి, వేగంగా నడవడంతో పాటు బరువులు ఎత్తడం మొదలుపెట్టాక, తూకంలో చెప్పుకోదగ్గ మార్పు లేకపోయినా నెలసరుల మధ్య ఎడం తగ్గింది. అధిక బరువు ఉన్నవారికి 5 నుంచి 10 శాతం తగ్గినా మేలు కనిపించవచ్చు. సన్నగా ఉన్నవారికీ ఈ సమస్య వస్తుంది కనుక, "లావు తగ్గితే అదే పోతుంది" అనే బంధువుల సలహా అందరికీ వర్తించదు. గురక, పగటి మగత ఉంటే నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉందేమో చూపించుకోవాలి, అది పీసీఓఎస్ ఉన్నవారిలో ఎక్కువ.

మందుల విషయంలో మాత్రం సొంత నిర్ణయం వద్దు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే అలవాట్లు ఫలిస్తాయని ఎదురుచూడకుండా డాక్టరును కలవండి, ఎందుకంటే గర్భాశయపు లోపలి పొర మందమై, ఏళ్ళ తరబడి అలాగే సాగితే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఇక గడ్డం మీద ఇప్పటికే ముదిరిన వెంట్రుకలు నడకతో రాలిపోవు. వాటికి లేజర్ వంటి చికిత్స వేరుగా చేయించుకోవలసిందే.