ఇంటి తోట, మీ ప్రశ్నలు: కొబ్బరి చెట్టుకు గుండు కొట్టించకండి

ప్రశ్న: మా ఇంటి వెనక రెండు కొబ్బరి చెట్లున్నాయి, 12 ఏండ్లవి. ప్రతి దసరాకు ముందు మనిషిని పిలిచి శుభ్రం చేయిస్తాం. ఆయన పైన నిలబడ్డ నాలుగైదు కమ్మలు ఉంచి మిగతావన్నీ కొట్టేస్తాడు, ఇట్లా చేస్తే కోతులు రావు, చెట్టు బలంగా పెరుగుతుంది అంటాడు. రెండేండ్ల నుంచి పిందెలు రాలుతున్నాయి, కింది ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయి, ఒక చెట్టు మాను పైభాగం సన్నబడింది. చాలా టెన్షన్‌గా ఉంది సార్. ఈసారి ఎట్లా కొట్టించాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ఈ దసరాకు ఆ చెట్ల మీది పచ్చ కమ్మ ఒక్కటి కూడా తీయించకండి. మీరు రాసిన మూడు బాధలకూ మూలం చాలావరకు ఆ కొట్టుడులోనే ఉంది.

వేపకొమ్మ కొడితే పక్క నుంచి నాలుగు చిగుళ్లు వస్తాయి. కొబ్బరి, తాటి, ఈత అట్లా కాదు, చెట్టు మొత్తానికి నెత్తిన ఒకటే మొవ్వు, పెరిగేదంతా అక్కడి నుంచే, అది పోతే చెట్టు పోయినట్టే. కొబ్బరి నెలకు సుమారు ఒక ఆకు వేస్తుంది, బాగున్న చెట్టు మీద 30 నుంచి 40 ఆకులుంటాయి, ప్రతి ఆకు మొదట్లో ఒక పూల పొత్తు వస్తుంది. అందులో నాలుగైదు మిగిల్చి కొట్టేశారంటే చెట్టు రెండేండ్లకు పైగా పడ్డ కష్టం ఒక్క పూటలో నేలపాలైనట్టు, పిందెలు రాలేదీ అందుకే. పైగా గెల బరువును మోసేది దాని కింద ఉన్న మట్టే, అది పోతే గెల వేలాడి విరుగుతుంది.

మాను సన్నబడటం కూడా అందుకే. మామిడి మాను ఏటా లావవుతుంది, కొబ్బరి కాదు. ఆకులు లేని కాలంలో పెరిగిన ముక్క సన్నగానే ఉండిపోతుంది, తర్వాత ఎంత ఎరువేసినా అది లావెక్కదు. ఇక నుంచి ఆకులు ఉంచితే పైన కొత్తగా పెరిగే భాగం మాత్రం బాగుపడుతుంది.

మానుకు తగిలిన గాయమూ మానదు. మీరెప్పుడైనా నర్సంపేట వైపో పరకాల వైపో పోతుంటే ఈత చెట్లను దగ్గరికి పోయి చూడండి, కల్లు కోసం ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు గీసిన గాట్లు మాను పొడుగునా మెట్లలాగా ఉంటాయి, ఎన్నో ఏండ్ల కింద గీసిన గాటు కూడా పూడకుండా అట్లనే కనిపిస్తుంది. గీసే గౌడన్నలకు ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే మొవ్వును కాపాడుకుంటూ ఎంత లోతు గీయాలో చూసి గీస్తారు. అందుకని కత్తితో మానుకు మెట్లు చెక్కి ఎక్కే మనిషిని పిలవకండి. మోకు, ముత్తాదుతో (గీత కార్మికులు చెట్టెక్కే తాళ్లతో) ఎక్కేవారుంటే వాళ్లే మేలు. కరెంటు తీగ దగ్గరుంటే లైన్‌మన్‌తో చెప్పి సప్లై ఆపించాకే ఎవరినైనా చెట్టెక్కించండి.

మరి ఏం తీయాలి? పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరిగి వేలాడే మట్టలు, ఎండిన పొత్తుల పీచు, అంతే. మీరు రెండు చేతులూ బారచాపి నిలబడితే ఆ చేతుల గీతకు పైన ఉన్న ఆకు ఏదీ ముట్టుకోవద్దు, కిందికి వాలినా పచ్చగా ఉంటే ఉంచండి. తీగలకు తగులుతున్న పచ్చ మట్టను తప్పదనుకుంటే మాను దగ్గరికి కోయకుండా నాలుగు అడుగుల మొదలు వదిలి కోయించండి. పచ్చి కోత వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, కోత మానుకు ఆనుకొని ఉంటే అక్కడి నుంచే లోపలికి దూరుతుంది. మా ఇంట్లో ఒక చెట్టు ఇట్లనే పోయింది. వానల్లో పచ్చ మట్టలు కొట్టించాం, కొన్ని నెలలకు మాను మీద చిన్న రంధ్రం, అందులోంచి ఎర్రటి జిగురు, నమిలిన పీచు బయటికొచ్చాయి. మానుకు చెవి ఆనిస్తే లోపల పురుగులు కొరుకుతున్న చప్పుడు వినిపించింది. అప్పటికే ఆలస్యమైంది, నాకు ఇప్పటికీ బాధే.

కింది ఆకుల పసుపు సంగతి. ఆకు మీద నారింజరంగు చుక్కలు పడి కొసల నుంచి ఎండుతుంటే పొటాష్ తక్కువైందని. చెట్టు ముసలి ఆకులోని పొటాష్‌ను లాగి కొత్త ఆకుకు ఇచ్చుకుంటుంది, చూడటానికి బాగాలేదని ఆ పసుపు ఆకును కొట్టేస్తే దాని పై ఆకు నుంచి లాగడం మొదలుపెడుతుంది. అట్లా పసుపు పైకి పాకుతూ పోతుంది. కాసే చెట్టుకు ఏడాదికి యూరియా కిలోకు కాస్త పైన, సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 2 కిలోలు, రెండు దఫాలుగా, తొలకరిలో కొంత, వానలు వెనకబట్టాక కొంత వేయండి. మాను మొదట్లో కుప్ప పోయకుండా మూడు నాలుగు అడుగుల దూరంలో పాదు చుట్టూ చల్లి మట్టి కప్పి నీళ్లు పెట్టండి. ఆకు అంచులు పసుపై మధ్యలో పచ్చగా ఉంటే అది మెగ్నీషియం లోపం, మెగ్నీషియం సల్ఫేట్ అర కిలో వేయాలి. పశువుల ఎరువు వేయండి కానీ చెట్టు పక్కన పెంట కుప్ప పెట్టకండి, కొమ్ము పురుగు అందులోనే పుడుతుంది. విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు ఉంటే ఆ పురుగు మొవ్వులో దూరిందన్నమాట, కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో లాగించి, పై మూడు మట్టల సందుల్లో పావుకిలో వేపపిండి అంతే ఇసుకతో కలిపి పోయించండి.

కోతులు కాయ కోసం వస్తాయి, కమ్మలు కొట్టినా వస్తాయి.

ప్రశ్న: గేటు ముందు రెండు రాయల్ పామ్ మొక్కలు పెంచాం, ఇప్పుడు ఇంటంత అయ్యాయి. ఆకులు ఎప్పుడు కారు మీద పడతాయోనని భయం. ముందే కోయించవచ్చా?
– కరీంనగర్

జవాబు: రాయల్ పామ్‌కు మనిషి కత్తిరింపు అక్కరలేదు, ముదిరిన ఆకును అదే వదిలేస్తుంది. మాను పైన ఆకుల కింద ఉండే పచ్చని గొట్టంలాంటి భాగాన్ని చీల్చి లాగితే లోపలి లేత మాను బయటపడి దెబ్బతింటుంది. అడుగు మట్ట గొట్టం నుంచి విడివడి వదులుగా కదులుతుంటే మాత్రం కింద నుంచి కర్రకత్తితో దించండి. ఆ ఆకు బరువు తక్కువేం కాదు, కారును పక్కకు పెట్టుకోండి, పిల్లలను కింద ఆడనివ్వకండి.

ప్రశ్న: హాల్లో కుండీలో ఉన్న అరెకా పామ్ ఆకుల కొసలు ఎండుతున్నాయి. పైన కత్తిరిస్తే గుబురుగా వస్తుందా?
– జనగామ

జవాబు: రాదు. పైన కత్తిరించిన కాడ చచ్చిపోతుంది, గుబురు అడుగు నుంచి వచ్చే పిలకలతోనే. కొసలు ఎండటం ఉప్పదనం ఉన్న బోరు నీళ్ల వల్ల కావచ్చు, వాననీళ్లు పట్టి పోయండి, నెలకోసారి కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి మట్టి కడగండి. ఎండిన కొసను కత్తిరించేటప్పుడు గోధుమరంగు అంచు సన్నగా వదిలేయండి, పచ్చ దాకా కోస్తే మళ్లీ అక్కడ్నుంచే ఎండుతుంది.