మార్చిలో కేదార్‌కాంత మంచు మీద మామూలు బూట్లతో నడవగలమా?

శ్రీకాకుళం నుంచి స్నేహితులతో వెళ్తున్నామని, మహేంద్రగిరి ఎక్కిన అలవాటుందని రాశారు. ఆ అలవాటు ఊపిరికి, కాళ్లకి పనికొస్తుంది. కానీ 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద మంచుగడ్డ తొక్కే పని పడదు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంత దాదాపు 3,800 మీటర్లు. మామూలు బూట్లు చాలవండి.

మార్చిలో అసలు ఇబ్బంది కొత్తగా పడే మంచుతో కాదు. పగటి ఎండకి పైపొర కరిగి, రాత్రి చలికి మళ్లీ గడ్డకడుతుంది. అందరూ నడిచిన బాటయితే అణిగి అణిగి, తెల్లారేసరికి గాజుపలకలా తయారవుతుంది. రబ్బరు సోలు దాని మీద ఆగదు. బూట్ల కింద తొడిగే ఇనప ముళ్లు, అంటే మైక్రోస్పైక్స్, ఉండాల్సిందే. నడక మొదలయ్యే ఊరు సాంక్రీలో అద్దెకిస్తారు. తీసుకునే ముందు మీ బూట్లకే తొడిగి, పట్టీ బిగుతుగా ఉందో లేదో చూసుకోండి.

ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే జాగ్రత్త. భయంతో వెనక్కి వాలితే మడమ జారి కూలబడతారు. మోకాళ్లు కాస్త వంచి, పాదం మొత్తం ఆనించి, చిన్న అడుగులు వేయండి. మధ్యాహ్నం దాటితే మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది, వాగుల మీద పొర కింద బోలుగానూ ఉండొచ్చు. అందుకే శిఖరానికి చీకటితోనే బయల్దేరాలి. నూలు సాక్సులు మాత్రం వద్దు, తడిస్తే ఆరవు.