చేతులు ఎక్కడున్నాయో రాయి

అమ్మాయీ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. డాలస్ శివార్లలో కొడుకింటికి వచ్చిన నాన్నగారు సాయంత్రం నడకకి బయల్దేరడం, దారిలో పోలీసు ఆపడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. మంచి విషయం పట్టుకున్నావు. కానీ కథకి ఆయువుపట్టయిన ఆ ఘట్టాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేశావు: గుండె దడదడలాడింది, కాళ్లు వణికాయి, నోరు పిడచకట్టుకుపోయింది, కాలం ఆగిపోయింది. నాలుగూ కొట్టేయి. ఇవే మాటలు పరీక్ష ఫలితాలప్పుడూ రాయొచ్చు, ఆపరేషన్ గది బయటా రాయొచ్చు. పోలీసు ఆపినప్పుడు మాత్రమే జరిగేవి వేరే ఉన్నాయి.

ముందు సంగతి, పోలీసు ఆకాశం నుంచి ఊడిపడడు. ఇలాంటి పేటల్లో ఎవరో ఒకరు కిటికీలోంచి చూసి పోలీసులకి ఫోన్ చేస్తారు. అక్కడ ఫోన్ ఎత్తి పోలీసు కార్లకి కబురందించే డిస్పాచర్ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఎప్పుడూ ఒకటే: మనిషి ఎలా ఉన్నాడు, ఏం వేసుకున్నాడు, ఎటు వెళ్తున్నాడు, చేతిలో ఏమైనా ఉందా. ఆ జవాబులన్నీ కుదించుకుపోయి పోలీసు కారులోని తెర మీద ఒకటి రెండు వరుసలవుతాయి. అక్కడ నీ కథలోని నాన్నగారు మనవణ్ణి ఆడించి కాస్త గాలికి బయటికొచ్చిన తాతయ్య కాదు, ‘సస్పీషియస్ పర్సన్’. కారు దిగే మనిషి చదువుకొని వచ్చింది ఆ వరుసల్నే. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో సరిగ్గా ఇలాగే మొదలైంది. గుజరాత్ నుంచి కొడుకింటికి వచ్చిన 57 ఏళ్ల మనిషి ఉదయం నడుస్తుంటే, ఎవరో బక్కపల్చటి నల్లజాతి మనిషి ఇళ్లకేసి చూస్తూ తిరుగుతున్నాడని పొరుగాయన ఫోన్ చేశాడు. పెద్దాయన ‘నో ఇంగ్లిష్’ అంటూ ఇంటివైపు చెయ్యి చూపించాడు. కాసేపటికే ఒక పోలీసు ఆయన్ని నేలకేసి పడేశాడు, వెన్నుపూస దెబ్బతింది. ఇదంతా పోలీసు కారు కెమెరాలోనే రికార్డయింది. ఆ పోలీసు మీద పెట్టిన ఫెడరల్ కేసులో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, 2016 జనవరిలో జడ్జి అతన్ని నిర్దోషిగా వదిలేశారు. నీ కథ అంతదూరం పోనక్కర్లేదు. కానీ ఫోన్ చేసిన ఆ పొరుగింటి మనిషి నీ కథలో లేడు. ఒక్క పేరా ఇవ్వు. కర్టెన్ పక్కకి తీసిన చెయ్యి చాలు.

ఇక చట్టం. మూడు మెట్లుంటాయి. మొదటిది మాటామంతీ: పోలీసు ఎవరినైనా పలకరించొచ్చు, అవతలివాడు పలక్కుండా నడుచుకుంటూ పోవచ్చు. రెండోది నిలుపుదల. నేరం జరిగిందనో జరగబోతోందనో చెప్పుకోదగ్గ కారణం ఉంటేనే కాసేపు ఆపాలని 1968లో టెర్రీ వర్సెస్ ఒహైయో కేసులో అమెరికా సుప్రీంకోర్టు గీత గీసింది. ఊరికే అనుమానంగా అనిపించింది అంటే చాలదు. మూడోది అరెస్టు, దానికి ఇంకా బలమైన ఆధారం ఉండాలి. అసలు చిక్కేమిటంటే, ఒకటో మెట్టు నుంచి రెండో మెట్టుకి ఎప్పుడు ఎక్కామో ఎవరూ గంట కొట్టి చెప్పరు. ‘కెన్ ఐ టాక్ టు యూ ఫర్ ఎ సెకండ్’ అంటే ఇంకా మాటే. ‘స్టే రైట్ దేర్’ అంటే నిలుపుదల. రెండూ అదే గొంతుతో, అదే నవ్వుమొహంతో రావచ్చు. నీ కథ ఆ రెండు వాక్యాల మధ్య ఉంది. ‘యామ్ ఐ ఫ్రీ టు గో’ అని అడిగితే ఏ మెట్టు మీదున్నామో తేలిపోతుంది. పోలీసుని ఆ మాట అడగొచ్చని మన నాన్నల తరానికి తోచను కూడా తోచదు. అడిగించకు. అది కొడుకు మర్నాడు తలుచుకుని బాధపడాల్సిన వాక్యం.

నీ కథలో పోలీసు రాగానే ‘ఐడీ చూపించు’ అంటాడు, చూపించకపోతే జైలే అన్నట్టు రాశావు. అది తప్పు. అనుమానానికి కారణం లేకుండా కేవలం పేరు కనుక్కోవడానికి మనిషిని ఆపకూడదని 1979లో బ్రౌన్ వర్సెస్ టెక్సస్ తీర్పు చెప్పింది. నడకంటే ఇష్టపడే ఒకాయన్ని కాలిఫోర్నియాలో రెండేళ్లలోపే సుమారు 15 సార్లు ఆపారో పట్టుకున్నారో చేస్తే, ‘నమ్మదగిన గుర్తింపు’ చూపించాలన్న ఆ రాష్ట్ర చట్టం మరీ అస్పష్టంగా ఉందని 1983లో కొలెండర్ వర్సెస్ లాసన్ కేసులో కొట్టేశారు. అయితే సరైన కారణంతో ఆపినప్పుడు పేరు చెప్పమని రాష్ట్రాలు చట్టం చేసుకోవచ్చని 2004లో హైబెల్ కేసులో అదే కోర్టు అంది. కాబట్టి రాష్ట్రాన్ని బట్టి కథ మారుతుంది. నీ కథ టెక్సస్‌లో కదా, అక్కడ అరెస్టు కాకుండా దారిన నడిచేవాడు పేరు చెప్పకపోవడం నేరం కాదు. కానీ నిలుపుదలలో ఉన్నప్పుడు తప్పుడు పేరో, తప్పుడు పుట్టినతేదీయో కావాలని చెప్పడం నేరం.

ఈ చివరి మాట దగ్గర ఆగు, నీకు దొరికిన నిధి ఇదే. మన పెద్దాయన పేరు ఎలా చెప్తాడు? ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో ఏది ముందుందో ఆయనకే గుర్తుండదు. పుట్టినతేదీ అడిగితే? రోజు ముందు, నెల తర్వాత. అక్కడివాళ్లు రాసుకునేది నెల ముందు. పైగా బడిలో మాస్టారు వేసిన తేదీ ఒకటి, అమ్మ చెప్పిన తేదీ ఇంకొకటి. ఏది చెప్పాలో తేల్చుకోవడానికి ఆయన రెండు క్షణాలు ఆగుతాడు. ఆ ఆగడం అబద్ధం చెప్పేవాడు తడుముకోవడంలా కనిపిస్తుంది. పోలీసు ఆ పేరునీ తేదీనీ రేడియోలో చదువుతాడు, అవతలి నుంచి ఏమీ దొరకలేదని జవాబొస్తుంది. దొరకదు, ఆయనకి ఆ రాష్ట్రంలో లైసెన్సు లేదుగా! ఇందులో ఎవరిదీ తప్పు లేదు. కావాలని చెప్పినది కాదు గనక నేరమూ కాదు. కానీ గాలి బిగుసుకుంటుంది. నీ నాలుగు వాక్యాలూ చెప్పాలనుకున్న భయం పాఠకుడికి ఇక్కడ దానంతటదే ఎక్కుతుంది.

ఇంగ్లిష్ మాటల్ని తెలుగులో విప్పి చెప్పకు, విన్నవి విన్నట్టు తెలుగు లిపిలో పెట్టు. ‘డూ యూ లివ్ హియర్’ అంటే నిజాయితీగా ఆయన చెప్పాల్సింది ‘నో’, ఎందుకంటే ఇల్లు కొడుకుది. అడ్రసు అడిగితే మలుపు తిరిగాక మూడో ఇల్లు అంటాడు. అన్ని మలుపుల్లోనూ మూడో ఇల్లు ఉంటుంది, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. అవునని తల అడ్డంగా ఊపుతాడు.

ఇప్పుడు చేతులు. పోలీసు ముఖం చూస్తాడని రాశావు. శిక్షణలో వాళ్లకి నూరిపోసేది చేతులు చూడమని. మన పెద్దవాళ్ల నడక గుర్తు తెచ్చుకో: రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల కొంచెం వంచి. ఎదుటి నుంచి చూస్తే ఆ చేతులు లేవు. ఇద్దరు పోలీసులు వస్తే ఒకడు మాట్లాడతాడు, రెండోవాడు పక్కకి జరిగి చేతులే చూస్తాడు, మాట్లాడడు. ఆ మాట్లాడని వాణ్ణి మర్చిపోకు. పెద్దాయన మర్యాద కోసం దగ్గరికి నడుస్తాడు, వాళ్లకి కావాల్సింది దూరం. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల నుంచి కూడా తుపాకీ తీసేలోపు మీద పడగలడని 1980ల నుంచీ వాళ్లు నేర్చుకుంటున్నారు. పెద్దాయన కొడుక్కి ఫోన్ చేద్దామని లాల్చీ జేబులో చెయ్యి పెడతాడు. ఒక్కసారిగా గొంతులు మారిపోతాయి.

తడిమి చూడటం రాయాలంటే జాగ్రత్త. ఆయుధం ఉండి ప్రమాదం ఉందనుకోవడానికి కారణం ఉంటేనే, బట్టల పైనుంచి మాత్రమే. జేబులో కళ్లజోడు పెట్టె తగిలి, ఆయుధం కాదని తెలిశాక, అదేమిటో కనుక్కోవడానికి పిసికి చూడకూడదని 1993లో మిన్నెసోటా వర్సెస్ డికర్సన్ తీర్పు. తీర్పు పేరు కథలో వద్దు. ఆ పెట్టె మీద చెయ్యి ఎంతసేపు ఉందో రాయి, తెలిసినవాడికి తెలుస్తుంది.

పాస్‌పోర్టు సంగతి ఒక్క మాటలో ముగించు. 18 దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ పత్రం దగ్గర ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం, సందర్శకులకి అది ఐ-94, అంటే దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే పత్రం. మన పెద్దవాళ్లు పాస్‌పోర్టు పోతుందేమోనని భద్రంగా సూట్‌కేసులో పెట్టుకుంటారు.

ఇంకొకటి. నీ కథలో రెండో భాగం కొడుకు పోలీసు కెమెరా వీడియో చూడటంతో మొదలైతే బాగుంటుందని నాకనిపించింది. పోలీసులు ఒంటి మీద తగిలించుకునే బాడీ కెమెరాల్లో చాలా మటుకు నిరంతరం చూస్తూనే ఉంటాయి కానీ దాచిపెట్టవు. బటన్ నొక్కినప్పుడు మాత్రం వెనకటి అర నిమిషం బొమ్మని కూడా దాస్తాయి, మామూలుగా ఆ ముక్కకి శబ్దం ఉండదు. అంటే నాన్నగారు తల ఊపుతూ ఏదో చెప్తున్నది మూగగా కనిపిస్తుంది, ఒక్కసారిగా వీధి శబ్దాలు మొదలవుతాయి. ఆ మూగ ముక్కలో ఆయన ఏమన్నాడో కొడుక్కి ఎప్పటికీ తెలియదు, ఆయన చెప్పడు. వీడియో అడగడానికి రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద అర్జీ పెట్టాలి, వారాలు పట్టొచ్చు, కొన్నిసార్లు ఇవ్వనూ ఇవ్వరు. అందులో తారీఖు, సమయం, జరిగిన చోటు రాయాలి. కొడుకు ఆ అర్జీలో నాన్న పుట్టినతేదీ నింపాల్సి వస్తే ఏది నింపుతాడో చూడు.

పోలీసుని రాక్షసుణ్ణి చెయ్యకు, దేవుణ్ణీ చెయ్యకు. అతనికి తెర మీది వరుసలు తెలుసు, నీకు అంతా తెలుసు. ఆ తేడా పేజీ మీద కనబడనీ. చివర్లో కోడలు ఇచ్చే ఉపన్యాసం మొత్తం తీసేయి.

ఈసారి పంపేటప్పుడు పేజీలకి నంబర్లు వెయ్యి. ఆరో పేజీ రెండుసార్లు వచ్చింది, ఏడోది అసలు రాలేదు.